అడ్డంగా ఒప్పు, నిలువుగా తప్పు

మంగళవారం రెండో పీరియడు గంట కొట్టగానే సైన్సు మాస్టారు కప్ప బొమ్మ చార్టు చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చి నడిమధ్యలో నిలబడిపోయారు. చేతిలోని టైంటేబుల్ కాగితం ప్రకారం ఆయన ఆ నిమిషాన ఎనిమిది-బిలో ఉండాలి. అదే కాగితం ప్రకారం, అదే నిమిషాన, తొమ్మిది-ఎలో కూడా ఉండాలి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. కాగితం మాట మార్చలేదు. చివరికి దగ్గరగా ఉన్న గదిలోకి దూరారు. రెండోదానికి ఎవరో ఒకరు వెళ్ళకపోతారా అనుకున్నారు గానీ, ఆ ముక్క ఎవరి చెవినా వెయ్యలేదు.

తొమ్మిది-ఎకి ఎవరూ వెళ్ళలేదు. టీచరు రాని తరగతి పావుగంటలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కిటికీ గట్టెక్కి హెడ్మాస్టరు గారి గొంతుతో ఉపన్యాసం దంచుతున్న ఒక పిల్ల కాలు జారి బల్ల అంచు మీద పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆ టైంటేబుల్ వేసింది గళ్ళ టీచరు. ఆవిడ చెప్పేది లెక్కలు. కానీ ఇరవై రెండేళ్ళుగా స్కూలుకి గళ్ళు గీసేదీ నింపేదీ ఆవిడే కావడంతో అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పద్నాలుగు సెక్షన్లు, ఇరవై ఒక్కమంది టీచర్లు, వారానికి ఐదు రోజులు, రోజుకి ఏడు పీరియడ్లు. మొత్తం నాలుగువందల తొంభై గళ్ళు. డ్రాయింగు హాల్లో గోడకానించిన మెత్తటి చెక్కబోర్డు మీద ఒక్కో గడిలో టీచరు గుర్తు రాసిన ఒక్కో అట్టముక్క పెట్టి గుండుసూది గుచ్చుతుంది. ఒక ముక్క కదిపితే పది ముక్కలు కదలాలి. భాష టీచరు దూరం నుంచి వస్తుంది, మొదటి పీరియడు ఇవ్వకూడదు. డ్రిల్లు అయ్యాక లెక్కలు వేస్తే పిల్లల బుర్రలకి ఎక్కవు. ప్రయోగశాల ఒక్కటే. ఇవేవీ ఎక్కడా రాసి లేవు, అన్నీ ఆవిడ తలలోనే ఉంటాయి. మూడు రోజుల్లో పని ముగించి, చేతులు దులుపుకుని, టీ తాగడం ఆవిడ అలవాటు. ఈసారి పదకొండు రోజులు పట్టింది.

ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా గళ్ళ టీచరే. దారి పొడుగునా ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల ఏడవలేదు. "నొప్పిగా ఉందా?" అంటే "మీకే ఎక్కువ నొప్పిగా ఉన్నట్టుంది టీచర్" అంది. టీచరు కొంగు మడతపెట్టి ఆ చెయ్యి కింద సర్దింది. అన్నీ సరిచూసుకున్నానే అనుకుంది. సరిచూసుకున్న సంగతి గుర్తుంది. ఏం చూసిందో గుర్తు లేదు.

తిరిగొచ్చేసరికి హెడ్మాస్టరు గదిలోకి పిలుపొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. గొడవంటే మాత్రం ఒళ్ళు చెమటలు పడతాయి. గొడవని తీర్చే బదులు దాని ఎదుట ఎవరో ఒకరిని నిలబెట్టి చల్లగా పక్కకి జారుకోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

"కూర్చోండి మేడమ్. ఈ మధ్య మీరు... అంటే, పిల్లల పేర్లు కూడా మర్చిపోతున్నారని..."

"మర్చిపోవట్లేదు సార్. గుర్తుకు రావడానికి టైం పడుతోంది."

"రెండూ ఒకటే కదా."

"ఒకటి కాదు."

ఆయన టైపు చేసి ఉంచిన కాగితాన్ని బల్ల మీద ఇటు జరిపారు. అనారోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయుచున్నాను అని ఉంది. కింద సంతకానికి గీత కూడా గీసి పెట్టారు.

"నా ఆరోగ్యానికి ఏమైందో నాకే తెలీదు. మీకెప్పుడు తెలిసింది సార్?"

"అలా అనకండి. శుక్రవారం కమిటీ కూర్చుంటోంది. ఆ పిల్ల తల్లి కూడా వస్తానంది. ఏదో ఒకటి చూపించాలి. పోనీ, డాక్టరు దగ్గర్నుంచి సర్టిఫికెట్ పట్రండి. జబ్బుంటే ఉందని, లేకపోతే లేదని."

"ఉంటే?"

"విశ్రాంతి తీసుకోవాలి కదా."

"లేకపోతే?"

"అప్పుడిక వయసే అనుకోవాలి." ఆయన బాధగా చేతులు తిప్పారు.

ఎటు తిప్పినా ఆ కాగితం ఆవిడ వైపే తిరుగుతోంది. గళ్ళ టీచరు ఆయన ఇచ్చిన కలానికి మూత పెట్టి ఆయన చేతికే ఇచ్చేసి లేచింది. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి వినిపించింది, శుక్రవారం దాకా ఆవిడ క్లాసులు వేరేవాళ్ళకి సర్దారట. ఆ మాట మాత్రం ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది. మెట్ల దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మర్చిపోయి, అక్కడే కాసేపు నిలబడింది.

*

బుధవారం పొద్దున్న ఆసుపత్రికి చెల్లెలు కూడా బయల్దేరింది. చెల్లెలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నోటిలో గుండుసూదులున్నా మాట ఆగని మనిషి. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఈ మధ్య అక్క సగం మాట దగ్గర ఆగితే మిగతా సగం చెల్లెలే పూరించేస్తోంది.

"ఆ... అది ఎక్కడ పెట్టాను..."

"దువ్వెనా? గొడుగా? ఆసుపత్రి చీటీనా?"

"నా మాటని నన్ను వెతుక్కోనీవే. నువ్వు ముందే అందిస్తే నేనెప్పుడు వెతుక్కోను?"

"సరే, నోరు మూసుకున్నాను," అంది చెల్లెలు. చీటీ అద్దం వెనక దొరికేదాకా నిజంగానే మూసుకుంది. ఆవిడ మట్టుకు అది పెద్ద త్యాగమే.

సర్టిఫికెట్ రాయాల్సిన డాక్టరు రక్తపోటు చూశాడు, గుండె విన్నాడు. ఏదో అనుమానమొచ్చి స్టెతస్కోపు మెడ ఎడమ పక్కన, దవడ కింద ఆనించి ఊపిరి బిగబట్టమన్నాడు. చాలాసేపు విన్నాడు. కుడి పక్కన విన్నాడు. మళ్ళీ ఎడమకొచ్చాడు.

"ఏముందండీ?" అంది చెల్లెలు.

"చప్పుడు. కుళాయి సగం మూసినప్పుడు నీళ్ళు బుసకొడతాయి చూడండి, అలాగ."

కింద అంతస్తులో స్కాన్ తీశారు. మెడ మీద చల్లటి జిగురు రాసి చిన్న యంత్రం అటూ ఇటూ జరుపుతుంటే తెర మీద ఎరుపూ నీలం మెరుపులు కదిలాయి. మధ్యాహ్నానికి నరాల డాక్టరమ్మ పిలిచింది. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి, బయట క్యూ గుమ్మం దాటి వరండా మలుపు తిరిగింది. స్కాన్ రిపోర్టు చూస్తూ చెల్లెలితో చెప్పడం మొదలుపెట్టింది.

"మీ అక్కగారికి మెడలో ఎడమవైపు రక్తనాళం లోపల కొవ్వు గట్టిపడి సన్నబడింది. ఎనభై శాతం. మెదడుకి రక్తం తీసుకెళ్ళే ముఖ్యమైన నాళం అది."

"ఆవిడతోనే చెప్పండి డాక్టర్ గారూ. లెక్కలు చెప్పేది ఆవిడే. నాకు శాతాలు తెలీవు," అంది చెల్లెలు.

డాక్టరమ్మ కుర్చీ కొంచెం ఇటు తిప్పింది. మూతి వంకర పోయిందా, చెయ్యిగానీ కాలుగానీ పట్టు తప్పిందా, ఒక కంటికి చీకటి కమ్మిందా, మాట పడిపోయిందా అని వరసగా అడిగింది. అన్నిటికీ లేదనే చెప్పింది గళ్ళ టీచరు.

"అదృష్టవంతులు. లక్షణాలు లేవు," అంటూ డాక్టరమ్మ అదే మాట కాగితం మీద రాసింది. మాత్రలు రాసింది. ఆపరేషన్ సంగతి వారంలో మాట్లాడుకుందామంది.

"అయితే నా తప్పులకి కారణం?"

"ఏం తప్పులు?"

చెప్పడానికి టీచరు నోరు తెరిచింది. నాలుగువందల తొంభై గళ్ళు, పదకొండు రోజులు, రెండు గదుల్లో ఒకే మనిషి, పిల్ల చెయ్యి. అన్నీ ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నదే కుదరలేదు. ఆ వెతుకులాటలో ఉండగానే తలుపు తోసుకుని తరవాతి రోగి వచ్చేశాడు.

"ఈ వయసులో ఇలాంటివి మామూలేనండీ," అంది డాక్టరమ్మ దయగా. ఆ దయ చూసి గళ్ళ టీచరుకి ఒళ్ళు మండింది.

"లక్షణాలు లేకపోవడమేంటి, మా అక్క లక్షణంగా ఉంటేనూ," అని మెట్లు దిగుతూ చెల్లెలు నవ్వించబోయింది. అక్క నవ్వలేదు. కాగితం మడతపెట్టి, విప్పి, మళ్ళీ ఆ ఒక్క మాటే చదువుకుంటోంది.

*

గురువారం హెడ్మాస్టరు రిపోర్టు రెండుసార్లు చదివారు. రెండోసారి చదివేటప్పుడు ఆయన మొహం వికసించింది.

"లక్షణాలు లేవు అని స్పష్టంగా రాశారు. అంటే జబ్బు వల్ల జరిగిన తప్పు కాదన్నమాట."

"ఎనభై శాతం అని కూడా రాశారు సార్."

"ఆ శాతాలు మనకెందుకు మేడమ్? లక్షణాలు లేవన్నాక."

గళ్ళ టీచరు అక్కణ్ణుంచి నేరుగా డ్రాయింగు హాలుకి వెళ్ళింది. క్లాసులు లేవు కాబట్టి రోజంతా చేతిలో ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో తన కళ్ళతో చూడాలి. బోర్డు చూసి గుమాస్తా శుద్ధప్రతి రాశాడు. ఆ రాతలో పొరబాటు జరిగి ఉండొచ్చు. అలా జరిగి ఉంటే బాగుండునని ఆవిడ అనుకోలేదంటే అబద్ధమే.

తప్పు ఏ పీరియడులో ఉందో తెలిసినా నేరుగా అక్కడికి పోకుండా మొదటి గడి నుంచే మొదలుపెట్టింది, ఎందుకంటే బోర్డుని సరిచూసే పద్ధతి ఒకటుంది. ముందు అడ్డంగా చదవాలి, ఏ సెక్షనుకి ఏ పాఠం వారానికి ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి. తరవాత నిలువుగా చదవాలి. ఒక పీరియడు కింద పద్నాలుగు గళ్ళుంటాయి. పైనుంచి కిందికి దిగుతూ ఒకే టీచరు రెండుసార్లు తగిలారేమో పట్టుకోవాలి. అడ్డంగా చదవడం ఆవిడకి ఇప్పటికీ నీళ్ళు తాగినంత తేలిక. చిక్కంతా నిలువుతోనే. బొటనవేలు ముక్క మీదినుంచి ముక్క మీదికి దించుతూ "లె-ఒకటి, భా-రెండు, సై, చ-ఒకటి" అని గొణుక్కుంటూ వెళ్తుంది. ఎనిమిదో ముక్క దగ్గరికి వచ్చేసరికి మొదటి మూడూ జారిపోతాయి. ఒక్కో ముక్కా తెలుసు. ఎవరిదో తెలుసు, ఏ గదో తెలుసు. వాటన్నిటినీ ఒకేసారి గుప్పిట్లో పట్టి ఉంచడమే కుదరటం లేదు.

ఒకప్పుడు గంటలో అయ్యే పని పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పన్నెండు దాటింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది. ఒకసారి ఎవరూ లేరని చూసుకుని కాస్త ఏడ్చింది. చివరికి మంగళవారం రెండో పీరియడు కింద, ఎనిమిదో ముక్క "సై", పదో ముక్క "సై". రెండూ తన చేత్తో గుచ్చిన గుండుసూదులే. గుమాస్తా ఉన్నది ఉన్నట్టే రాశాడు.

గుమాస్తా అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. చెవి మీద కలం, చేతిలో రెండు టీ గ్లాసులు. బోర్డు వంక చూశాడు, ఆవిడ వేలు ఎక్కడాగిందో చూశాడు. అర్థమైపోయింది.

"ఇందులో ఏముందమ్మా," అన్నాడు గ్లాసు అందిస్తూ. "ఆ పదో ముక్క తీసి పక్కనున్న దాంతో మార్చేయండి. బోర్డు ఒప్పు, నా రాత తప్పు. రాసేటప్పుడు కన్ను తప్పిందంటాను. నాకు ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. నన్నేం చేస్తారు, ముందుగా పంపిస్తారా?"

"మీకు కన్ను తప్పలేదు గుమాస్తా గారూ."

"తప్పలేదని నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు కదా."

గళ్ళ టీచరు వేలు గుండుసూది తల మీద ఉంది. లాగితే వచ్చేస్తుంది. ఒక్క ముక్క. దానితో క్లాసులు తిరిగొస్తాయి, ఆ టైపు కాగితం చెత్తబుట్టలోకి పోతుంది, వయసు మాట ఎత్తినవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఆశ కలిగింది, బాగానే కలిగింది. టీ సగం తాగేదాకా ఆ వేలు అక్కడే ఉంది.

"ఇప్పుడిది మార్చేస్తే నాకేమీ కానట్టే," అంది చివరికి. "ఆ డాక్టరమ్మ రాసిందే నిజమవుతుంది. లక్షణాలు లేవని. ఇదిగో, ఇదే నా లక్షణం. నా చేత్తో నేనే తీసిపారెయ్యనా?"

"మీకు పట్టుదల ఎక్కువమ్మా."

"ఆ పిల్ల చెయ్యి విరిగింది నా గడిలో. మీ గడిలో కాదు."

గుమాస్తా తల గోక్కున్నాడు. తరవాత కలం తీసి, కొత్త కాగితం పరిచి, "సరే, మరి దీన్ని బాగుచేద్దాం. నేను పైనుంచి చదువుతాను, మీరు వినండి," అన్నాడు. ఆ తప్పున్న ముక్కలని మాత్రం ఆవిడ ముట్టుకోనివ్వలేదు. వాటిని చూసి పక్కన వేరే కాగితం మీద కొత్త టైంటేబుల్ వేశారు. ఒక ముక్క మారిస్తే పది మారాయి. స్కూలు వదిలేవేళకి పూర్తయింది.

*

ఆ సాయంత్రం చెల్లెల్ని వెంటబెట్టుకుని గళ్ళ టీచరు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. క్యూలో చివరి చీటీ ఆవిడది. కావాలనే చివరిది తీసుకుంది, వెనకనుంచి ఎవరూ తోసుకుని రాకుండా. చెప్పాల్సింది ఒక పాత నోటుపుస్తకం అట్ట మీద వరసగా రాసుకుంది. ఒకటి, రెండు, మూడు.

"నిన్న మీరు రాసిన కాగితంలో ఒక మాట తప్పు," అంది కూర్చుంటూనే.

డాక్టరమ్మ అలసిపోయి ఉంది. అయినా కళ్ళెత్తి చూసింది. గళ్ళ టీచరు అట్ట చూసి చదివింది. మూడు రోజుల పని పదకొండు రోజులైంది. అడ్డంగా చదివితే సరిగ్గా ఉంది, నిలువుగా చదివితే జారిపోతోంది. అది కూడా ఈ ఏడాదే మొదలైంది. "మూతి వంకరపోతే లక్షణం. నా పని వంకరపోతే లక్షణం కాదా?"

డాక్టరమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. చెల్లాచెదురుగా సున్నాలు, వాటిలో అంకెలు. వరసగా గీతతో కలపమని గడియారం నొక్కింది. ఒకటి నుంచి పాతిక దాకా గళ్ళ టీచరు కలం ఎత్తకుండా కలిపేసింది.

"చాలా బాగుంది. ఇప్పుడిది." ఇంకో కాగితంలో అంకెలూ అక్షరాలూ కలిసి ఉన్నాయి. "ఒకటి, అ, రెండు, ఆ, మూడు, ఇ. అలా ఒకటి విడిచి ఒకటి కలపాలి."

గళ్ళ టీచరు మొదలుపెట్టింది. నాలుగు, ఈ, ఐదు దాకా బాగానే వెళ్ళింది. ఐదు నుంచి ఆరుకి పోయింది. ఆగింది. వెనక్కొచ్చింది. ఐదు, ఉ. తరవాత? కలం గాలిలో ఆడింది. చెల్లెలు పెదవులు బిగపట్టుకుని కూర్చుంది, ఒక్క అక్షరం అందించలేదు. గది బయట ఊడ్చే చీపురు చప్పుడు దగ్గరగా వచ్చి, దూరంగా వెళ్ళిపోయింది. పూర్తయ్యేసరికి నాలుగు నిమిషాలు.

"ఇందులో ఋ లేదు," అంది గళ్ళ టీచరు కలం కింద పెడుతూ.

"ఏమిటి?"

"ఊ తరవాత ఋ ఉండాలి. మీ కాగితంలో ఎ వచ్చింది."

డాక్టరమ్మ కాగితం తిప్పి చూసుకుంది. "ఎన్నేళ్ళ నుంచో వాడుతున్నాం. ఎవరూ చెప్పలేదు," అంది. తరవాత గడియారం వైపు చూసి, నిన్నటి దయ లేని గొంతుతో మాట్లాడింది. ఆ గొంతే గళ్ళ టీచరుకి నచ్చింది.

"మీ మెదడులో ఏ భాగమూ చచ్చిపోలేదు. రక్తప్రవాహం తగ్గితే, దూరదూరంగా ఉన్న భాగాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచెయ్యడం మందగిస్తుంది. విడివిడిగా అన్నీ బాగుంటాయి. కలిపి చెయ్యమంటేనే కష్టం. పక్షవాతం రాకపోతే మేం లక్షణాలు లేవనే రాస్తాం. అలవాటైపోయింది."

"అంటే టీచర్లందరూ స్కూల్లోనే ఉన్నారు, గంట సరిగ్గా వినపడటం లేదు."

"అంతే."

"ఆపరేషన్ చేస్తే వినపడుతుందా?"

"మాటివ్వలేను. ఆపరేషన్ పక్షవాతం రాకుండా ఆపడానికి. ఆలోచన కొంతమందికి మెరుగైంది, కొంతమందికి లేదు."

"లేకపోతే లేదు. మీరిప్పుడు చెప్పింది కాగితం మీద పెట్టొచ్చు కదా. రాయండి."

డాక్టరమ్మ నిన్నటి మాట మీద అడ్డంగా గీత కొట్టింది. దాని కింద, ఆలోచనా వేగం తగ్గింది, పలు విషయాలను ఒకేసారి సమన్వయించడంలో ఇబ్బంది ఉంది, బోధనకు అభ్యంతరం లేదు అని రాసి సంతకం పెట్టింది. ఆపరేషన్‌కి రెండు వారాల్లో రమ్మంది. గళ్ళ టీచరు ఆ మూడు ముక్కలూ అడ్డంగా ఒకసారి చదివి, సంచిలో పెట్టుకుంది.

*

శుక్రవారం కమిటీ గదిలో నలుగురే ఉన్నారు. అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు, చెవిలో యంత్రం పెట్టుకుంటాడు. పక్కన హెడ్మాస్టరు. ఎదురుగా ఆ పిల్ల తల్లి. ఆవిడ ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేస్తుంది, డ్యూటీ కోటు విప్పకుండానే వచ్చింది. బల్ల చివర గళ్ళ టీచరు.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. మొహంలో మంగళవారం నాటి చెమటలు లేవు.

"సంతోషించదగ్గ విషయం. మన గుమాస్తా పొద్దున్నే రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. శుద్ధప్రతి రాసేటప్పుడు పొరబాటు చేశాడట. పైగా మేడమ్ గారి రిపోర్టులో కూడా లక్షణాలు లేవనే ఉంది. కాబట్టి ఆవిడ విషయంలో ఇక ఏమీ లేదు. క్లాసులు సోమవారం నుంచి యథాప్రకారం. ఆ విరమణ ఉత్తరం కూడా అక్కర్లేదు మేడమ్."

అధ్యక్షుడు తల ఊపాడు. ఊరికే కూర్చుంటే చాలు, అంతా అయిపోయినట్టే. గళ్ళ టీచరు గుండె ఒక్క క్షణం తేలికపడింది. మరుక్షణం ఆ తేలికతనానికి ఆవిడకే సిగ్గేసింది. వద్దన్నా వినని ఆ గుమాస్తా మీద కోపమూ ప్రేమా ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఆయన రాసింది అబద్ధం సార్," అంది. "తప్పు నాది. బోర్డు డ్రాయింగు హాల్లోనే ఉంది, సూదులు కూడా కదపలేదు, వచ్చి చూసుకోండి. రిపోర్టు కూడా మారింది." సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది. "నాకు మెడలో రక్తనాళం సన్నబడింది. దాని వల్ల అన్నీ కలిపి ఆలోచించడం మందగించింది. మతి పోలేదు. వయసూ కాదు. రెండు వారాల్లో ఆపరేషన్. నెల రోజులు సెలవు కావాలి. తరవాత వస్తాను. ఆ విరమణ కాగితం మీద సంతకం మాత్రం పెట్టను."

హెడ్మాస్టరు రిపోర్టు అందుకుని చూశారు. ఆయన సర్దిపెట్టిన గొడవ మళ్ళీ లేచి కూర్చుంది.

"మేడమ్, మీకు తెలుస్తోందా? మీ మీదికి మీరే తెచ్చుకుంటున్నారు."

"తెలుస్తోంది సార్. కొంచెం నిదానంగా తెలుస్తుంది, అంతే."

తల్లి గళ్ళ టీచరు వంక తిరిగి, "మా అమ్మాయి చెయ్యి ఆరు వారాలు కదపకూడదన్నారు," అంది. "మీరు నిజం చెప్పారు, సరే. రేపు ఇంకో పిల్లకి జరగదని ఎలా నమ్మమంటారు?"

అది సరైన ప్రశ్న. గళ్ళ టీచరు కొత్త టైంటేబుల్ విప్పి బల్ల మీద పరిచింది. నాలుగు మూలలకీ నాలుగు పుస్తకాలు బరువు పెట్టింది.

"నిన్న బాగుచేసింది. గుమాస్తా గారు చదివారు, నేను విన్నాను. అయినా నన్ను నమ్మకండమ్మా. ఇంకొకరు నిలువుగా చదవాలి."

తల్లి కాగితం మీదికి వంగింది. మందు చీటీలు చదివే కళ్ళు అవి, పైనుంచి కింది దాకా ఒక్క చూపులో దిగాయి. అడుగున ఆగాయి. పక్కనున్న పాత టైంటేబుల్ దగ్గరికి లాక్కుని దాని అడుగు కూడా చూసింది.

"ఇక్కడ 'సరిచూచితిని' అని ఉంది. కింద సంతకం ఎవరిది?"

అధ్యక్షుడు చెవిలో యంత్రం సరిచేసుకున్నాడు, సరిగ్గా వినపడలేదేమోనని.

"అది... నాదే. ఆఫీసు పద్ధతి అండీ," అన్నారు హెడ్మాస్టరు. "మేడమ్ మీద నమ్మకంతో..."

"మా కౌంటరులో ఇద్దరు చూడందే మందు సీసా బయటికి పోదు. నమ్మకంతో ఇస్తే మనుషులు పోతారు," అంది తల్లి. గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చూశారా?" అన్నాడు అధ్యక్షుడు.

హెడ్మాస్టరు కుర్చీ ముందుకి లాక్కుని, కాస్త పౌరుషంగానే, "ఇందులో ఏముందండీ, ఇప్పుడే చూస్తాను," అన్నారు.

సోమవారం మొదటి పీరియడు మీద వేలు పెట్టి దిగడం మొదలుపెట్టారు. లె-ఒకటి, భా-రెండు, సై, చ-ఒకటి. ఏడో గడి దగ్గర ఆగారు. పైకి చూశారు. భా-రెండు వచ్చిందా, రాలేదా? మళ్ళీ పైనుంచి మొదలెట్టారు. ఈసారి తొమ్మిది దాకా వెళ్ళారు. అధ్యక్షుడు కళ్ళజోడు మార్చుకుని పక్కకి జరిగాడు. గళ్ళ టీచరు ఒక తెల్లకాగితం, పెన్సిలు ఆయన ముందుకి జరిపింది, వచ్చినవి రాసుకుంటూ పోవడానికి. ఆయన మొదట దాన్ని పట్టించుకోలేదు. మూడో పీరియడుకి పట్టించుకున్నారు. సోమవారం పూర్తయ్యేసరికి అరగంట పట్టింది, నుదుటి మీద చెమట మళ్ళీ పోసింది.

మంగళవారం రెండో పీరియడు ఒప్పుగానే ఉంది. ఆరో పీరియడు కింద ఆయన వేలు టక్కున ఆగింది. పైకెళ్ళింది, కిందికొచ్చింది. మొహం వెలిగిపోయింది.

"ఇదిగో, డ్రిల్లు మాస్టారు. ఏడు-ఎలోనూ ఉన్నాడు, పది-బిలోనూ ఉన్నాడు. మళ్ళీ తప్పే. చూశారా, నేను చెప్పలేదూ?"

గళ్ళ టీచరు లేచి వచ్చి ఆయన భుజం పక్కన నిలబడింది. నిదానంగా, బొటనవేలితో, పైనుంచి కిందికి దిగింది. రెండు గళ్ళ దగ్గరా ఆగింది. నిజమే. నిన్న ఇద్దరు కలిసి చూసినా జారిపోయింది.

"అవును సార్. తప్పే," అంది. "దొరికింది కదా. కాగితం మీదే దొరికింది. పిల్లలెవరూ గట్టెక్కక ముందే."

హెడ్మాస్టరు వేలు ఇంకా గడి మీదే ఉంది. తానేం పట్టుకున్నారో అప్పుడు అర్థమైనట్టుంది, మొహంలో వెలుగు మెల్లమెల్లగా ఇంకిపోయింది.

"పోయిన వారం కూడా ఇలాగే చూసుంటే," అంది తల్లి, మిగతా మాట అనకుండా.

అధ్యక్షుడు గుమాస్తా ఒప్పుకోలు కాగితాన్ని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నాడు. "దీని సంగతి నేను చూసుకుంటాను. మేడమ్‌ని సెలవు కాగితం ఇమ్మనండి," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. హెడ్మాస్టరు హమ్మయ్య అని కలం మూత తీశారు, కొత్త టైంటేబుల్ అడుగున 'సరిచూచితిని' గీత కోసం వెతికారు.

గళ్ళ టీచరు ఆ గీత మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకా మూడు రోజుల గళ్ళున్నాయి సార్," అంది. "కానివ్వండి."